ఎత్నిక్ స్టడీస్ మన పిల్లలకెందుకు అని అడిగినవారికి

మీరు రాసింది చదివాను. కాలిఫోర్నియా బే ఏరియాలో ఉంటున్నారు, పాప తొమ్మిదో తరగతి. ఎత్నిక్ స్టడీస్ కోర్సు (అమెరికాలోని నల్లజాతి, లాటినో, ఆసియా, ఆదివాసీ జనాల చరిత్ర చెప్పేది) తప్పనిసరిగా ఉంచాలా తీసేయాలా అని మీ స్కూల్ డిస్ట్రిక్ట్ బోర్డు వచ్చే నెల ఓటింగ్ పెడుతోంది, తీసేయమంటూ మీ వాట్సాప్ గ్రూపులో మనవాళ్లు పిటిషన్ తిప్పుతున్నారు. "అది నల్లవాళ్లకీ తెల్లవాళ్లకీ గొడవ, మధ్యలో మనకెందుకు, ఆ పీరియడ్‌లో ఇంకో కంప్యూటర్ కోర్సు చేసుకోవచ్చు కదా" అని అందరూ అంటుంటే సంతకం పెట్టాలో వద్దో తేలడం లేదన్నారు.

పెట్టకండి. నేను కాలిఫోర్నియాలో ఒక పబ్లిక్ హైస్కూల్లో పదహారేళ్లుగా సోషల్ చెబుతున్నాను, అందులో ఆరేళ్లుగా ఈ కోర్సు కూడా. మాది ఖమ్మం దగ్గర పల్లెటూరు, ఇక్కడికి వచ్చినప్పుడు నాకూ ఈ చరిత్రలో ఒక్క ముక్క తెలియదు. కాబట్టి మీ గ్రూపులో వాళ్ల మీద నాకు కోపం లేదు. కానీ మనకు సంబంధం లేదన్న మాట మాత్రం నిజం కాదు, అదెందుకో ఒక కాగితం సంగతి చెప్తే మీకే అర్థమవుతుంది.

కొన్నేళ్ల క్రితం నా క్లాసులో ఒక తెలుగు అబ్బాయి ఉండేవాడు. వాళ్లమ్మానాన్న అప్పుడే ఇల్లు కొన్నారు, 1947లో కట్టిన పాత ఇల్లు. ఇంటి పత్రాల కట్టలో వాడికి ఒక జిరాక్స్ కాగితం కనిపించింది, పాత టైప్‌రైటర్ అక్షరాలు, అంచులు నల్లగా పడ్డాయి. దాని పైన పెద్ద అక్షరాలతో ఒక నోటీసు: ఈ పత్రంలో జాతిని బట్టి ఏవైనా ఆంక్షలుంటే అవి చెల్లవు అని. కింద అసలు దస్తావేజులో షరతు: కాకేసియన్ జాతివాళ్లు తప్ప మరెవరూ ఈ స్థలంలో నివసించకూడదు, ఇంట్లో పని చేసే నౌకర్లకు మాత్రం మినహాయింపు. వాడు ఆ కాగితం మడత పెట్టి జేబులో పెట్టుకుని తెచ్చాడు. క్లాసు అయిపోయాక నా టేబుల్ మీద పరిచి, "ఇది మా ఇల్లే, నా రూమ్ ఉన్న ఇల్లే, ఇందులో మేం నౌకర్లుగా అయితేనే ఉండొచ్చా?" అని అడిగాడు.

ఇలాంటి కాగితాలు ఈ రాష్ట్రంలో ఎన్నో ఇళ్లకు ఉన్నాయి. 1948లో సుప్రీంకోర్టు వీటిని కోర్టుల ద్వారా అమలు చేయించుకోవడం కుదరదంది, 1968లో ఫెయిర్ హౌసింగ్ చట్టం వచ్చాక ఇల్లు అమ్మడంలో ఆ వివక్షే చట్టవిరుద్ధమైంది. రాతలు మాత్రం రికార్డుల్లో అలాగే ఉండిపోయాయి, ఈ మధ్యే 2021లో కాలిఫోర్నియా వాటిని వెతికి కొట్టేయమని కౌంటీ రికార్డర్ ఆఫీసులకు చట్టం చేసింది. మీదీ పాత ఇల్లయితే ఒకసారి పత్రాలు తీసి చూడండి.

ఆ అబ్బాయికి నేను వెంటనే జవాబు చెప్పలేదు, ఎందుకంటే ఆ ప్రశ్నకు జవాబే మాకు మర్నాడు పాఠం. 1922 నవంబర్‌లో తకావో ఒజావా అనే జపనీయుడు అమెరికా పౌరసత్వం కావాలని సుప్రీంకోర్టుకు వెళ్తే, బయటి నుంచి వచ్చినవాళ్లలో పౌరసత్వం తెల్లవాళ్లకూ ఆఫ్రికా మూలాలవాళ్లకే, తెల్లవాళ్లంటే కాకేసియన్లు, నువ్వు కాకేసియన్‌వి కాదు పొమ్మంది కోర్టు. మూడు నెలలు దాటగానే, 1923 ఫిబ్రవరి 19న, అమృత్‌సర్ ప్రాంతం నుంచి వచ్చి మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ థింద్ కేసు తేల్చింది. అప్పటి శాస్త్రవేత్తల పుస్తకాల ప్రకారం ఉత్తర భారతీయులు కాకేసియన్లేనని ఆయన వాదించాడు. అదే కోర్టు, ఆ ఇద్దరి తీర్పులూ రాసిన అదే జడ్జి సదర్లాండ్, ఈసారి శాస్త్రం కాదు, మామూలు మనిషి ఎవర్ని తెల్లవాడు అనుకుంటాడో వాడే తెల్లవాడు అన్నాడు. మనవాళ్ల పౌరసత్వాలు ఒక్కొక్కటే రద్దు చేశారు. పెషావర్ నుంచి 1915లో భార్యనూ ముగ్గురు కొడుకుల్నీ తీసుకుని వచ్చి శాన్‌ఫ్రాన్సిస్కోలో దుకాణం పెట్టుకున్న వైష్ణో దాస్ బగాయ్ కూడా అలా పౌరసత్వం పోగొట్టుకున్నవాడే. ఆస్తి ఉంచుకోవడానికి లేకుండా పోయింది, ఇండియా చూసి వద్దామంటే పాస్‌పోర్టు ఇవ్వలేదు. 1928లో ఆయన ప్రాణం తీసుకున్నాడు. అంతకుముందు ఆ కుటుంబం బర్కిలీలో ఒక ఇల్లు కొనుక్కుని సామాను తీసుకుని వెళ్తే, చుట్టుపక్కలవాళ్లు లోపలికి అడుగుపెట్టనివ్వకుండా ఇంటికి తాళాలు బిగించారు. ఆ ఇల్లాలి పేరు కళా బగాయ్. బర్కిలీ డౌన్‌టౌన్‌లో, బార్ట్ రైలు స్టేషన్‌కు దగ్గర్లోనే, ఇప్పుడు ఒక వీధికి ఆమె పేరు పెట్టారు. నేను పిల్లల్ని ఆ బోర్డు దగ్గరికి తీసుకెళ్తాను. మన పిల్లలు ఎన్నిసార్లో ఆ పక్కనే దోసె తిని వెళ్లి ఉంటారు, ఆ పేరు ఎవరిదో వాళ్లకు చెప్పినవాళ్లు లేరు.

ఇదంతా మామూలు హిస్టరీ క్లాసులో చెప్పొచ్చు కదా అంటారు. చెప్పొచ్చు, కానీ చెప్పరు. మామూలు పుస్తకంలో ఆసియావాళ్లకు దొరికేది రైల్వే కూలీల గురించి ఒక పేరా, రెండో ప్రపంచ యుద్ధంలో జపనీయుల్ని బంధించిన క్యాంపుల గురించి ఒక పేజీ. ఈ కోర్సు పుట్టిందే ఆ లోటు వల్ల. 1968 నవంబర్‌లో శాన్‌ఫ్రాన్సిస్కో స్టేట్ కాలేజీలో నల్లజాతి విద్యార్థులు, మెక్సికన్, ఫిలిపినో, చైనీస్, జపనీస్ విద్యార్థులు కలిసి మా చరిత్ర ఎక్కడ అని సమ్మెకు దిగారు. దాదాపు అయిదు నెలలు జరిగింది, లాఠీలు తిన్నారు, జైళ్లకు పోయారు, 1969లో దేశంలో మొట్టమొదటి ఎత్నిక్ స్టడీస్ కాలేజీ అక్కడ పెట్టించుకున్నారు.

ఇక "మేం కష్టపడి చదువుకుని హెచ్-1బీ మీద వచ్చాం, మా దారి వేరు" అనే మాట. ఇది నేను ప్రతి పేరెంట్స్ మీటింగ్‌లో వింటాను. మీ కష్టం నిజమే, దాన్ని నేను కాదనను. కానీ తలుపు తీసి ఉంటేనే కదా కష్టపడ్డవాడు లోపలికి రాగలిగేది. 1946లో చట్టం మారాక కూడా ఇండియా మొత్తానికి ఏడాదికి వంద మందికే కోటా. ఆ కోటాల పద్ధతిని ఎత్తేసింది 1965 అక్టోబర్‌లో వచ్చిన ఇమిగ్రేషన్ చట్టం. అది సివిల్ రైట్స్ చట్టం వచ్చిన మరుసటి ఏడాది, ఓటింగ్ హక్కుల చట్టం వచ్చిన ఏడాదే రావడం కాకతాళీయం కాదు. పుట్టిన జాతిని బట్టి మనిషికి విలువ కట్టడం తప్పు అని నల్లవాళ్లు రోడ్ల మీద దెబ్బలు తిని దేశం చేత ఒప్పించాకే, పుట్టిన దేశాన్ని బట్టి వీసా ఇవ్వడం కూడా తప్పే అన్న మాట అమెరికా కాంగ్రెస్‌లో చెల్లింది. మన పిల్లలకు ఇది తెలియాలి. ఎవరికి రుణపడి ఉన్నామో తెలియకుండా పెరగడం మంచిది కాదు.

మధ్యలో మనకెందుకు అన్న మాటకు ఇంకో జవాబు మీకు తెలిసిందే. 2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లోని ఒలేతాలో, ఆఫీసు అయ్యాక స్నేహితుడితో కూర్చున్న కూచిభొట్ల శ్రీనివాస్‌ను నా దేశం నుంచి పొండి అని అరుస్తూ ఒకడు కాల్చి చంపాడు. ఇరానీయుల్ని చంపానని వాడు తర్వాత చెప్పుకున్నాడు. మనం ఎవరిమో, ఏ వీసా మీద ఉన్నామో, ఎంత జీతమో కాల్చేవాడు చూడడు. నేను ఈ పాఠం చెప్పేటప్పుడు అదే చోట అడ్డుపడిన ఇయాన్ గ్రిల్లట్ గురించి కూడా తప్పకుండా చెప్తాను. ఇరవై నాలుగేళ్ల తెల్ల కుర్రాడు, ముక్కూ మొహం తెలియని ఇద్దరి కోసం ఎదురెళ్లి తూటా తిన్నాడు. ఈ కోర్సు తెల్ల పిల్లలకు అపరాధ భావం అంటగడుతుందని మీ గ్రూపులో అంటున్నారు కదా. నా క్లాసులో తెల్ల పిల్లలు ఎప్పుడూ ఆ కథ దగ్గరే ఎక్కువ ప్రశ్నలు అడుగుతారు, ఆయన స్థానంలో మేముంటే లేచేవాళ్లమా అని. పద్నాలుగేళ్ల పిల్లలు తమలో తాము ఆ ప్రశ్న వేసుకోవడాన్ని నేను ద్వేషం అనలేను.

ఇప్పుడు మనకు ఇబ్బందిగా ఉండే సంగతి. థింద్ కేసు చెప్తే సగం చెప్పి ఆపకూడదు. ఆయన తరఫు వాదనలో ఇంకో ముక్క ఉంది: నేను అగ్రకులస్థుణ్ణి, ఆర్యుణ్ణి, మా దేశంలో పైకులాలవాళ్లు ఆదిమజాతులవాళ్లతో పెళ్లిళ్ల విషయంలో ఎలా ఉంటారంటే ఇక్కడ తెల్లవాళ్లు నల్లవాళ్లతో ఉన్నట్టే అని. అంటే వివక్షను ఎదిరించడానికి కోర్టుకెళ్లిన మనిషి, నేనూ వివక్ష చూపేవాడినే, నన్ను మీలో కలుపుకోండి అన్నాడు. మొదటిసారి ఆ పేజీ చదివినప్పుడు నాకు మా ఊరు గుర్తొచ్చింది. మా ఊళ్లో హోటల్లో రెండు రకాల గ్లాసులు ఉండేవి, ఒక రకం బయట చూరుకింద బోర్లించి ఉండేవి. అవి ఎవరివో మాకెవరూ చెప్పలేదు, చెప్పకుండానే తెలుసు.

కోర్సులో కులం మాట వస్తే మన పిల్లల్ని ఏడిపిస్తారు, అది తీయించాలి అని కొందరు బోర్డుకు ఉత్తరాలు రాస్తున్నారు. పిల్లల్ని ఎవరైనా ఏడిపిస్తే నేను ముందు నిలబడతాను, అలాంటిది జరిగితే స్కూలుకు రాతపూర్వకంగా కంప్లైంట్ ఇవ్వాలి. కానీ పాఠమే ఉండకూడదనడం తప్పు. అదే క్లాసులో అమెరికావాడు బానిసత్వం గురించి, జపనీయుల క్యాంపుల గురించి సొంత దేశాన్ని నిలదీసే పాఠం చదువుతున్నాడు. మన తప్పు ఒక్కటి మాత్రం పుస్తకంలో ఉండకూడదని ఏ మొహంతో అడుగుతాం? క్లాసులో దళిత కుటుంబాల పిల్లలూ ఉంటారు, ఆ సంగతి మనం మర్చిపోతాం. అంబేడ్కర్ 1913లో చదువుకోవడానికి న్యూయార్క్ వచ్చారు, 1946లో నల్లజాతి మేధావి డ్యుబోయిస్‌కు ఉత్తరం రాశారు, మీవాళ్ల స్థితి, మా అంటరానివాళ్ల స్థితి ఒకేలా ఉన్నాయి అని. ఆ ఉత్తరం నేను క్లాసులో చదివిస్తాను. ఒక నల్లజాతి అమ్మాయి అది చదివి, "మరి ఈయన పేరు నాకింతవరకు ఎవరూ ఎందుకు చెప్పలేదు?" అంది. మన పిల్లల్లో సగం మందికి కూడా ఎవరూ చెప్పలేదు.

ఇంట్లో వాడే మాటల సంగతి కూడా చెప్పాలి. నల్లవాళ్లను కించపరుస్తూ అనే "కల్లు" అనే మాట మన ఇళ్లలో, మన కార్లలో ఎంత తేలిగ్గా దొర్లుతుందో మీకు తెలుసు. ఆ కల్లుగాళ్లుండే ఏరియాలో ఇల్లు వద్దు, ఆ బస్సెక్కకు. మా స్కూల్లో ఒక తెలుగు పిల్లాడు ఫోన్‌లో కజిన్‌తో మాట్లాడుతూ ఆ మాట అన్నాడు. పక్కన కూర్చున్న నల్లజాతి అబ్బాయి, వాడికి మంచి దోస్తే, మిడిల్ స్కూల్ నుంచి కలిసి క్రికెట్ ఆడేవాడు, "ఆ మాట మీ నాన్న కూడా అన్నాడు ఒకసారి, నన్ను చూసి, దానర్థం ఏంటి?" అని మామూలుగా అడిగాడు. మనవాడు జవాబు చెప్పలేక తల దించుకుని షూ లేసు కట్టుకుంటూ కూర్చున్నాడు, కట్టిన లేసే మళ్లీ విప్పి కట్టాడు. నేను కల్పించుకోలేదు. మర్నాడు వాడే వెళ్లి అర్థం చెప్పి సారీ చెప్పాడని తర్వాత తెలిసింది. వాడికి ఆ పని చేయడానికి ఒక భాష కావాలి, ఆ భాష మనం ఇంట్లో ఇవ్వలేదు. క్లాసు ఇచ్చింది.

ఈ కోర్సు వల్ల చదువు బాగుపడుతుందా అంటే, శాన్‌ఫ్రాన్సిస్కో డిస్ట్రిక్ట్‌లో ఎనిమిదిలో బాగా వెనకబడ్డ పిల్లల్ని తొమ్మిదిలో ఈ క్లాసులో వేసి స్టాన్‌ఫర్డ్‌వాళ్లు పరిశీలించారు. హాజరు 21 శాతం పాయింట్లు పెరిగిందన్నారు, ఆ పిల్లలే తర్వాత ఎక్కువగా గ్రాడ్యుయేట్ అయ్యారని 2021లో ఇంకో పేపర్ వచ్చింది. చూసిన పిల్లల సంఖ్య తక్కువ, లెక్కలు గట్టివి కావు అని తప్పుపట్టినవాళ్లూ ఉన్నారు, అందుకే బోర్డు ముందు ఈ అంకె పట్టుకుని నేను వాదించను. స్కూలంటే తనది కాదనుకునే పిల్లవాడు ఈ క్లాసుకు మాత్రం టైంకి రావడం నేను కళ్లారా చూశాను, అంతవరకు చెప్తాను.

అలాగని ఎత్నిక్ స్టడీస్ పేరు పెట్టిన ప్రతిదీ మంచిదే అని కూడా అనను. 2019లో రాష్ట్రం విడుదల చేసిన మొదటి నమూనా సిలబస్ బాగోలేదు, పిల్లలకే కాదు మాకే అర్థంకాని పడికట్టు మాటలు, యూదుల పట్ల పక్షపాతం ఉందన్న ఫిర్యాదులు, సిక్కులు, అర్మీనియన్లు లాంటివాళ్లకు చోటే లేదు. జనం వేలకొద్దీ ఉత్తరాలు రాశాక తిరగరాసి 2021 మార్చిలో ఆమోదించారు, అందులో సౌత్ ఏషియన్ల మీద పాఠం ఉంది. అదే ఏడాది అక్టోబర్‌లో గవర్నర్ న్యూసమ్ సంతకం చేసిన ఏబీ 101 చట్టంలోనే, కోర్సు ఏ వర్గం మీదా పక్షపాతం, ద్వేషం చూపకూడదని రాసి ఉంది. ఆ చట్టం ప్రకారం 2030 నుంచి గ్రాడ్యుయేట్ అయ్యేవాళ్లందరికీ ఒక సెమిస్టర్ తప్పనిసరి కావాలి, కానీ బడ్జెట్‌లో డబ్బు కేటాయిస్తేనే అని మెలిక ఉంది, 2025 బడ్జెట్‌లో కేటాయించలేదు. అందుకే నిర్ణయం మీలాంటి డిస్ట్రిక్ట్‌ల చేతుల్లోకి వచ్చి పడింది. అరిజోనాలో అయితే టూసాన్ స్కూళ్లలో మెక్సికన్ అమెరికన్ స్టడీస్ ఆపించడానికి 2010లో ఏకంగా చట్టమే చేశారు. 2017లో అది జాతి ద్వేషంతో చేసిన పని అని కొట్టేసిన జడ్జి వాలెస్ తషిమా, చిన్నప్పుడు అదే అరిజోనాలోని పోస్టన్ క్యాంపులో జపనీయుడన్న ఒక్క కారణంతో బందీగా గడిపినవాడు. ఆయన పెద్దయి జడ్జి కుర్చీలో కూర్చునేదాకా ఆ పిల్లల పాఠం ఆగి ఉన్నట్టు అనిపిస్తుంది నాకు.

మీరు చేయాల్సింది చెప్తాను. ముందు సిలబస్ అడగండి, స్కూలు ఇవ్వాల్సిందే. అందులో ఏ యూనిట్ ఎన్ని వారాలు, మనవాళ్ల గురించి ఏముంది, చెప్పే టీచర్లకు ట్రైనింగ్ ఇచ్చారా, కోర్సును యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) వాళ్లు అడ్మిషన్‌కు లెక్కలోకి తీసుకుంటారా చూడండి. ఎక్కువమంది తల్లిదండ్రుల అసలు టెన్షన్ ఈ చివరిదే, దానికి కౌన్సెలర్ ఒక్క ఈమెయిల్‌లో జవాబిస్తారు. ఒక్క సెమిస్టర్ కోర్సు ఇది, చాలా స్కూళ్లలో రెండో సెమిస్టర్‌లో హెల్త్ పెడతారు, కంప్యూటర్ కోర్సుకు అడ్డు రాదు. డిస్ట్రిక్ట్ సొంతంగా తయారు చేసుకున్న కోర్సయితే, చట్టం ప్రకారం ముందొక బహిరంగ మీటింగ్‌లో చూపించి ఆ తర్వాతి మీటింగ్‌లోనే ఆమోదించాలి. ఆ రెండూ జరిగాయా అని అడగండి. జరగకపోతే గట్టిగా అడగండి, కోర్సును నిలబెట్టేది ఆ పారదర్శకతే, చాటుగా చేసిన కోర్సులు కోర్టు కేసుల్లో ఇరుక్కుంటాయి.

నచ్చని పాఠం ఉంటే పేజీ నంబర్‌తో చెప్పండి, దాని బదులు ఏం కావాలో కూడా చెప్పండి. బ్రిటిష్ పాలన మీద పోరాడడానికి అమెరికాలోని భారతీయులు పెట్టుకున్న గదర్ పార్టీ గురించి పుస్తకంలో ఉంటుంది కానీ, 1912లో అమెరికా చదువుకు వచ్చి ఆ పార్టీలో చేరిన మన కనిగిరి ప్రాంతపు దరిశి చెంచయ్య గారి పేరు ఉండదు. మన తెలుగు పిల్లలకు ఆయన మీద ప్రాజెక్ట్ ఇస్తే తాతయ్యలకు ఫోన్ చేసి మరీ వివరాలు తెచ్చారు. ఇలాంటిది చేర్చమని అడిగితే టీచర్లు సంతోషంగా చేరుస్తారు, మాకూ అన్నీ తెలియవు కదా.

మీటింగ్ అజెండా 72 గంటల ముందు వెబ్‌సైట్‌లో పెట్టాలి, అందులో ఈ అంశం నంబర్ ఎంతో చూసుకోండి. హాల్లోకి వెళ్లగానే ద్వారం దగ్గర స్పీకర్ కార్డు ఉంటుంది, ఆ నంబర్ వేసి ఇవ్వండి. రెండు నిమిషాలో మూడు నిమిషాలో ఇస్తారు, ఎదురుగా గడియారం తిరుగుతుంటుంది, కంగారు పుడుతుంది, అందుకని రాసుకుని వెళ్లండి. మా జాతి గొప్పది అనో, జాతి వివక్ష నశించాలి అనో మొదలుపెట్టకండి, బోర్డు మెంబర్లు ఆ రాత్రి అలాంటివి ముప్పై వింటారు. మీ ఇంటి విషయం ఒక్కటి చెప్పండి, మీరు ఏ ఏడాది ఏ చట్టం వల్ల ఈ దేశంలోకి రాగలిగారో చెప్పండి, సిలబస్‌లో ఏది ఉంచాలో ఏది మార్చాలో చెప్పి కూర్చోండి. పాపకు ఇష్టమైతే తననూ ఒక కార్డు నింపనివ్వండి, చాలా బోర్డులు విద్యార్థుల్ని ముందు పిలుస్తాయి. తనేం మాట్లాడాలో మాత్రం మీరు రాసివ్వకండి.

రెండు నిమిషాలకు ఇంగ్లిష్‌లో దాదాపు 250 మాటలు పడతాయి. మీరు రాసుకున్నది, సిలబస్ దొరికితే అది కూడా ఇక్కడే కింద పెట్టండి. శనివారం పొద్దున ఖాళీగా ఉంటాను, చదివి ఎక్కడ తగ్గించాలో చెప్తాను.